సేదరపేట్‌లో ఒంటిగొట్టం తుపాకి

కార్యాలయపు పనిమీద ఊళ్ళు తిరిగే ఇంజనీరుకు ఆ ఊళ్ళలో కనిపించేవి సాధారణంగా మూడే: బస్టాండు, ఫ్యాక్టరీ గేటు, లాడ్జి గది కిటికీ. గడచిన మాసి మాసంలో ట్రాన్స్‌ఫార్మర్ల తనిఖీకై మేము పుదుచ్చేరి సమీపానగల సేదరపేట్ వెళ్ళినప్పుడు, ఆ ఊరు కూడా మాకు అట్లాగే మిగిలిపోవలసినది. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న ఒక కాపలాదారు, ఆయన మోకాళ్ళ మీద అడ్డంగా పడుకున్న ఒక పాత తుపాకి మా ప్రయాణాన్ని వేరే దారి పట్టించాయి.

ముందుగా ఊరి సంగతి. సేదరపేట్ పుదుచ్చేరి పట్టణానికి వాయవ్య దిశలో, మైలం పోయే మార్గంలో ఉన్నది. ఫ్రెంచివారు 1954లో విడిచి వెళ్ళిన ఈ ప్రాంతం భౌగోళికంగా ఒక విచిత్రం. పుదుచ్చేరి ముక్కలు ముక్కలుగా తమిళనాడు నడుమ పొదిగి ఉంటుంది. బస్సులో ఒక కునుకు తీసి లేచేలోగా రాష్ట్రం మారి, మళ్ళీ మారి, తిరిగి మొదటిదానికే వచ్చి ఉంటాము. నేల ఎర్రనిది. జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు, తాటిచెట్లు, వాటి నడుమ పుదుచ్చేరి పారిశ్రామికాభివృద్ధి సంస్థవారి పారిశ్రామికవాడ. రేకుల కప్పులు, లారీలు, టీ బడ్డీలు. చూడదగిన ఊరని ఎవరూ అనరు; మేమూ అనము.

ఆ కాపలాదారు పదవీ విరమణ చేసిన సైనికుడు. మేము మాలో మాట్లాడుకుంటున్న తెలుగు విని లేచి నిలబడి, "ఏ ఊరండి మనది?" అని అడిగారు. స్వస్థలం యానాం. గోదావరి ఒడ్డున ఉండి కూడ పరిపాలన రీత్యా పుదుచ్చేరిలో భాగమైన ఆ చిన్న పట్టణంనుండి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చినవారు కొందరున్నారట. ఆయన మాటలోని 'అండి' మాకు ఆ ఎర్రమట్టిలో కొబ్బరినీళ్ళ వలె తోచింది.

మా వెంట వచ్చిన యువ సహోద్యోగి దృష్టి మాత్రం తుపాకిమీదనే ఉన్నది. ఆయనకు చిత్తూరు జిల్లాలో తాతగారి మామిడితోట సంక్రమించింది. "ఒక చౌక తుపాకి కొని, సెలవు దినాల్లో తోటలో సరదాగా కాల్చుకుంటే ఎట్లా ఉంటుంది సార్?" అని దారి పొడవునా మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. అడవిపందులు వస్తాయన్నది పైకి చెప్పే కారణం. సరదా అన్నది అసలు కారణం. అట్లా ఒప్పుకున్నందుకు ఆయనను మేము మెచ్చుకున్నాము కూడ.

కాపలాదారు గొట్టం వంచి, తూటా తీసివేసి, ఖాళీగా ఉన్నదని చూపించిన తరువాతనే తుపాకిని మా చేతికిచ్చారు. ఆ క్రమశిక్షణ చూడముచ్చటగా ఉన్నది. అది బీహారులోని ముంగేరులో తయారైన పన్నెండు బోరు ఒంటిగొట్టం తుపాకి. ముంగేరులోను, జమ్మూలోను ప్రభుత్వ అనుమతితో నడిచే చిన్న ప్రైవేటు కార్ఖానాలు ఇటువంటివి తరతరాలుగా చేస్తున్నాయి. ఇవికాక ఇషాపూర్, తిరుచిరాపల్లి వంటి చోట్ల ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలున్నాయి; 2021లో వాటినన్నిటిని ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు అవి కూడ మనవంటి ప్రభుత్వరంగ సంస్థలే అయినాయి. బ్యాంకు గుమ్మం దగ్గర, నగదు వాహనం వెనుక మన దేశంలో సామాన్యుడు చూసే తుపాకి సాధారణంగా ఈ జాతిదే. చూసినవారు కోట్లమంది, పేలగా విన్నవారు బహుకొద్దిమంది.

ఇంత చౌకగా ఎట్లా వస్తుందన్న ప్రశ్నకు సమాధానం దానిని వంచి చూస్తేనే తెలుస్తుంది. రైఫిలు గొట్టంలో మరచుట్లు కోయాలి. దీని గొట్టం లోపల అద్దమంత నునుపు, అంతే. రైఫిలు తూటా పేలినప్పుడు గదిలో పీడనం నాలుగువేల బార్‌ల దాకా పోతుంది. దీనిలో ఏడెనిమిది వందలు దాటదు. అందువలన ఉక్కు విషయంలో గాని కొలతల విషయంలో గాని అంత కచ్చితత్వం అవసరం లేదు. ఒక కీలు, ఒక గడియ, ఒక స్ప్రింగు, ఒక సుత్తి, ఒక సూది. తలుపు గడియలు బాగుచేసే పనివాడికి కూడ అర్థమయ్యే యంత్రం. 'పన్నెండు బోరు' అన్న మాటలో కూడ పాతకాలపు కొలత ఉన్నది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గోళీలుగా పోస్తే, ఒక్కొక్క గోళీ పట్టేటంత గొట్టమని అర్థం. మిల్లీమీటర్లలో పద్దెనిమిదిన్నర.

కాని చౌకదనం ఒక్కటే దాని ఆకర్షణ కాదు. అది గురిలేనివాడిని క్షమిస్తుంది. ఆటలలో వాడే తూటాలో ఇరవైనాలుగు గ్రాముల సీసం సుమారు మూడువందల చిన్న గుండ్లుగా ఉంటుంది. గొట్టం దాటగానే అవి చల్లిన విత్తనాలవలె విచ్చుకుంటాయి. రైఫిలువాడు వెంట్రుకవాసి తప్పితే తప్పినట్లే. దీనితో జానెడు తప్పినా ఏదో ఒక గుండు తగులుతుంది. మొదటిసారి పట్టినవాడికి కూడ మొదటి రోజే 'తగిలింది' అన్న ఆనందం దొరుకుతుంది. వీణ నేర్చుకునేవారికి పదేళ్ళకు దొరికేది హార్మోనియం మెట్టు నొక్కినవాడికి వెంటనే దొరికినట్లు.

ఈ ఆనందం మాకు పుస్తకాలవల్ల తెలిసినది కాదు. అది 1983 సంక్రాంతి, మాకప్పుడు పదమూడేళ్ళు. ఆకివీడు దాపున మా మేనమామగారి ఊరు. ఆయన దగ్గర సరిగ్గా ఇటువంటిదే ఒక ఒంటిగొట్టం ఉండేది. తెల్లవారుజామున దోనెలో కొల్లేటిలోకి వెళ్ళాము. పొగమంచు. తుంగలో నల్లగా, నుదుట తెల్లని బొట్టుతో బొల్లికోళ్ళు గుంపుగా తేలుతున్నాయి. మామయ్య తుపాకిని మా భుజానికి ఆనించి, వెనుకనుండి తాను పట్టుకుని, "గుంపు నడిమికి చూడరా, చాలు" అన్నారు. మీట నొక్కాము. భుజంమీద ఎద్దు కుమ్మినట్లయింది. పొగ విడిచేసరికి మూడు పక్షులు నీటిమీద వెల్లకిలా ఉన్నాయి. ఒక్క దెబ్బకు మూడు! ఆనాడు మేము ఊళ్ళోకి నడిచివచ్చిన నడక, తరువాత కాలంలో డిగ్రీ పుచ్చుకున్న రోజున కూడ నడవలేదు.

అయితే మూడే కావు. నాలుగవది రెక్క ఈడ్చుకుంటూ కిక్కిసపొదలోకి ఈదిపోయింది. దాని వెనుక ఇంకొకటి కూడ పోయినట్లున్నది. వెదుకుదామంటే దోనెవాడు, "అవి చిక్కవు బాబూ, లోపలే పోతాయి" అన్నాడు. 'పోతాయి' అన్న మాటకు రెండర్థాలున్నాయని మాకప్పుడు తట్టలేదు. మధ్యాహ్నం భోజనంలో కూర ముక్క కొరికినప్పుడు పంటికింద ఏదో కరకరలాడింది. తీసి చూస్తే సీసపు గుండు. అత్తయ్య నవ్వి, పళ్ళెం అంచున పెట్టమన్నారు. అట్లా పళ్ళెం అంచున ఐదు చేరాయి. మిగిలినవి ఎక్కడికి పోయాయన్నది ఆ వయసులో ఎవరడుగుతారు?

ఇంజనీరింగు చదివిన తరువాత ఆ లెక్క మాకు అర్థమయింది. ఈ తుపాకులను పరీక్షించే వాడుక ఒకటున్నది. నలభై గజాల దూరంలో కాగితం నిలబెట్టి కాల్చి, డెబ్బైఆరు సెంటీమీటర్ల వలయం గీసి, అందులోని రంధ్రాలు లెక్కపెడతారు. గొట్టం మూతి బిగించని సాదా తుపాకికి ఆ వలయంలో పడేవి నూటికి నలభై మాత్రమే. తక్కిన అరవై అంచులలో పలచగా పడతాయి. నడుమ ఉన్న పక్షి వెంటనే చస్తుంది. అంచున ఉన్నదానికి ఒకటో రెండో గుండ్లు తగులుతాయి. చావడానికి చాలవు, బ్రతకడానికి ఎక్కువ. కొత్తవాడిని క్షమించే ఆ విస్తృతియే అంచున ఉన్న పక్షి ప్రాణానికి వచ్చింది. గురి కుదిరినవాడు దగ్గరకు రానిచ్చి ఒక్కదానిని కొడతాడు. సరదాకు వెళ్ళినవాడు గుంపును కొడతాడు.

ఈ మాట మా సహోద్యోగితో అన్నాము. ఆయన, "అది పక్షుల సంగతి సార్, నేను డబ్బాలు కాలుస్తాను" అన్నారు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

మరునాడు మాసి మఖం. ఫ్యాక్టరీకి సెలవు, పరీక్ష మధ్యలో ఆగింది. సేదరపేట్‌నుండి పత్తుకన్ను మీదుగా పట్టణానికి పోయే దారిలో ఊసుటేరి చెరువు ఉన్నదని, చూడమని కాపలాదారే చెప్పారు. పత్తుకన్ను అంటే పది కళ్ళు అని అర్థం. ఆ పది కళ్ళ ఊరు దాటగానే ఆ నీటిని చూడడానికి మా రెండు కళ్ళు చాలలేదన్నది అతిశయోక్తి కాదు. సుమారు ఎనిమిదివందల హెక్టార్ల జలాశయం. దాదాపు సగం పుదుచ్చేరిది, సగం తమిళనాడుది. పుదుచ్చేరి తన వంతు 390 హెక్టార్లను 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. కొల్లేటికి 1999లో జరిగినదే ఇక్కడ తొమ్మిదేళ్ళ తరువాత జరిగింది.

కట్టమీద నిలబడ్డాము. గూడబాతులు సంచి ముక్కులు దించుకుని వరుసగా తేలుతున్నాయి. లోతు తక్కువ చోట నత్తగొట్టు కొంగలు. దూరంగా సూదితోక బాతుల గుంపు. ఉత్తరపు మంచుదేశాలనుండి వచ్చి ఇంకా తిరుగు ప్రయాణం కట్టలేదు. దగ్గరలో, తుంగపక్కన, నుదుట తెల్లబొట్టుతో బొల్లికోళ్ళు. నలభై ఏళ్ళ తరువాత కూడ మా కన్ను వాటిని చూడగానే దూరం అంచనా వేసింది. నలభై గజాలు. గుంపు నడిమికి. భుజం దానంతట అదే కొంచెం ముందుకు వంగింది. ఈ సంగతి వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది కాని దాచడం కంటే వ్రాయడమే మేలు. ఆ కోరిక చదువుతో పోదు, వయసుతో పోదు.

చట్టం మాత్రం మారింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జాతులకు వేట లైసెన్సు ఇచ్చేది. 1991 సవరణతో ఆ తలుపు మూసుకున్నది. మా మామయ్యగారి దగ్గర వేటకు ప్రత్యేకమైన కాగితం ఉన్నదో లేదో మేమెవరమూ అడగలేదు. ఇంకొక సంగతి కూడ చాలామందికి తెలియదు. తగలని గుండ్లు నీటి అడుగుకు చేరతాయి. బాతులు గింజలు అరిగించుకోవడానికి చిన్నచిన్న రాళ్ళు మింగుతాయి. సీసపు గుండుకు రాతికి తేడా వాటికి తెలియదు. ఆ విషంతో ఎన్ని పక్షులు చనిపోతున్నాయో చూసి అమెరికావారు నీటిపక్షుల వేటలో సీసాన్ని 1991లో దేశమంతటా నిషేధించి ఉక్కు గుండ్లకు మారారు. తుపాకి పేలిన శబ్దం క్షణం. గుండు పని పదేళ్ళు.

చెరువుగట్టుమీద మా సహోద్యోగి తన సెల్‌ఫోనులో ఒక చిత్రం చూపారు. ఆయన చిన్ననాటి మిత్రుడు టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆదివారంనాడు నలుగురు తెలుగు కుటుంబాలవారు కలిసి మట్టిబిళ్ళలు కాల్చే మైదానానికి పోతారట. చేతిలో చవకరకపు పంపు తుపాకి, చెవులకు మూతలు, కళ్ళకు అద్దాలు, పక్కన పులిహోర డబ్బా. అక్కడ ఇటువంటి తుపాకులు సామాన్యుని వస్తువులు. 1950నుండి చేస్తున్న రెమింగ్టన్ 870 ఒక్కటే కోటికి పైగా అమ్ముడుపోయింది. ఈ మధ్యకాలంలో తుర్కియేనుండి ఇంకా చౌకవి దిగుతున్నాయి. ఆ స్వేచ్ఛకు ఆ దేశం చెల్లిస్తున్న మూల్యం పత్రికలు చదివేవారికి తెలిసినదే. అయినా ఆ ఫోటోలోని నవ్వు అబద్ధం కాదు. మట్టిబిళ్ళ గాలిలో పొడి అయినప్పుడు ఎవరి రెక్కా ఈడ్చుకుపోదు.

ఈ మట్టిబిళ్ళ చరిత్ర కొంచెం చెప్పాలి. పూర్వం ఈ ఆటలో బ్రతికిన పావురాలనే ఎగరవేసి కాల్చేవారు. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో సైతం ఆ పోటీ జరిగింది. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1880లో, సిన్సినాటి నగరవాసి లిగౌస్కీ పావురానికి బదులు మట్టిబిళ్ళను కనిపెట్టాడు. మన పిల్లలు చెరువునీటిమీద పెంకుముక్కను గెంతించినట్లు గాలిలో జారిపోయే బిళ్ళ అది. నేటి బిళ్ళ అడ్డం పదకొండు సెంటీమీటర్లు, బరువు నూటఐదు గ్రాములు; సున్నపురాయి పొడి, తారువంటి బంక కలిపి పోస్తారు. పేరులో మాత్రం పావురం మిగిలిపోయింది. ఈ ఆటలో బికనీర్ మహారాజు కర్ణిసింగ్ 1962లో కైరో ప్రపంచపోటీలలో రజతం తెచ్చారు. రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచారు. మన హైదరాబాదు యువకుడు కైనన్ షెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌దాకా వెళ్ళారు. ఇక్కడికి దక్షిణాన ఉన్న పుదుక్కోట రాజవంశీకులు పృథ్వీరాజ్ తొండైమాన్ 2024లో పారిస్‌లో పాల్గొన్నారు. రాజుల పేర్లు తరచుగా వినబడటం పాఠకులు గమనించే ఉంటారు. మన దేశంలో ఇది ఖరీదైన ఆట. తుపాకి చౌక అయినా, మైదానం, బిళ్ళలు, తూటాలు చౌక కావు. హైదరాబాదులో 2002 జాతీయ క్రీడలకై కట్టిన గచ్చిబౌలి ప్రాంతపు మైదానంవంటివి మన రాష్ట్రాలలో ఎన్ని ఉన్నాయో వేళ్ళమీద లెక్కించవచ్చును.

లైసెన్సు సంగతి మా సహోద్యోగి కాపలాదారును ముందురోజే అడిగారు. దరఖాస్తు, పోలీసు విచారణ, సురక్షితంగా వాడడంలో శిక్షణ పత్రం, ఆపైన అధికారి విచక్షణ. 2019 సవరణ తరువాత సాధారణంగా ఒక మనిషికి రెండు తుపాకులే. "ఇదంతా అయ్యాక ఏముంటదండి? రోజూ తుడవాలి, రోజూ తాళం వెయ్యాలి. ఇంట్లో పిల్లలుంటే నిద్దరుండదండి" అన్నారాయన. పదహారేళ్ళ కాపలా ఉద్యోగంలో ఆయన తన తుపాకిని మనిషి వైపుగాని పక్షి వైపుగాని ఒక్కసారి కూడ పేల్చలేదు. దానిని గర్వంగానే చెప్పారు.

మన తెలుగునాట తుపాకి సరదాను ఒక్క పైసా ఖర్చు లేకుండా తీర్చినవాడు ఒకడున్నాడు. దారిలో అతడు గుర్తుకు వచ్చాడు. తుపాకి రాముడు, తెలంగాణలో పిట్టలదొర. తలమీద దొరటోపీ, మాసిన ఖాకీ, భుజంమీద కొయ్యతుపాకి. వీధిలో నిలబడి తాను కొట్టిన పులుల లెక్క చెబుతుంటే పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. ఆ తుపాకి ఎన్నడూ పేలలేదు, ఆ పులులు ఎన్నడూ చావలేదు. నిజమైన వేటగాళ్ళ కోతలను కూడ మేము అప్పటినుండి అదే చెవితో వింటూ వచ్చాము. మా కథలోని మూడు బొల్లికోళ్ళతో సహా.

సాయంకాలానికి పట్టణంలోని వైత్తికుప్పం సముద్రతీరం చేరాము. మాసి మఖంనాడు చుట్టుపక్కల ఆలయాలనుండి, మైలం సుబ్రహ్మణ్యస్వామితో సహా, ఉత్సవమూర్తులను సముద్ర స్నానానికి తీసుకువస్తారు. వేలాది జనం. అలంకరించిన పల్లకీలు ఇసుకలో వరుసగా నిలిచి ఉన్నాయి. పితృకార్యాలు చేసేవారు నీటి అంచున, ఐస్‌క్రీము తినేవారు రెండడుగుల ఇవతల. ఆ ఇసుకలోనే ఒక చెక్క చట్రం, దానికి రంగురంగుల బుడగలు, ముందు బల్లమీద రెండు గాలి తుపాకులు. 2016 నియమావళి ప్రకారం నాలుగున్నర మిల్లీమీటర్ల గొట్టం, ఇరవై జౌళ్ళకు మించని శక్తి గల గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. దేశంలో తుపాకి సరదాకు ఇంతకంటే చౌక మార్గం మరొకటి లేదు.

బల్ల దగ్గర వంగి గురిచూస్తున్న మనిషిని వెనుకనుండి చూసి ముందు గుర్తుపట్టలేదు. మా యానాం కాపలాదారే! ఖాకీకి బదులు తెల్లపంచె, పక్కన ఆరేళ్ళ మనుమడు. మొదటి గుండు తప్పింది. రెండవదీ తప్పింది. మనుమడు తాతవైపు అనుమానంగా చూశాడు. ఆయన తుపాకిని కంటికి దూరంగా పట్టుకుని గొట్టం పొడవునా ఒకసారి చూశారు. "సూటి కుడికి వంగిందండి" అని మాతో మెల్లగా అన్నారు. బుడగలవాడు తెలుగు అర్థంకానట్లు సముద్రంవైపు చూస్తున్నాడు. మూడవసారి ఆయన గురిని రెండంగుళాలు పక్కకు జరిపారు. ఎర్రబుడగ పేలింది. తరువాత పచ్చది, నీలం, మళ్ళీ ఎర్రది. మనుమడు ఎగిరి గంతులు వేశాడు. పదహారేళ్ళు తుపాకి మోసిన మనిషి ముఖంలో మేము ఆకివీడు వీధిలో నడిచిననాటి నవ్వు కనిపించింది.

మా సహోద్యోగి పర్సు తీశారు. మొదటి ఆరు గుండ్లూ తప్పాయి. వంకరసూటి రహస్యం ఆయనకు చెప్పవద్దని కాపలాదారు మాకు కన్నుగీటారు. ఏడవదానికి పసుపుబుడగ పోయింది. ఇంకొక పది గుండ్లకు డబ్బిచ్చారు. తోట సంగతి ఏమిచేశారని బస్సులో అడిగితే, "ఇంకా ఆలోచిస్తున్నాను సార్" అన్నారు. మరునాడు ఉదయం ట్రాన్స్‌ఫార్మర్ల పరీక్షలు తిరిగి మొదలయ్యేసరికి కాపలాదారు ఖాకీలో, మోకాళ్ళమీద ముంగేరు తుపాకితో, గేటు పక్కన తన కుర్చీలో ఉన్నారు.